దూరం పోయేవాళ్లకు ముందు

మా హోటల్లో వడ్డనకు ఒక వరస ఉండేది. ముందొచ్చినవాళ్లకు ముందు కాదు, దూరం పోయేవాళ్లకు ముందు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అమ్మ, లోపలికి అడుగుపెట్టిన ప్రతి మనిషినీ "ఎక్కడి నుంచి బాబూ, ఎక్కడిదాకా?" అని అడిగేది. ఓడరేవుదాకా పోయే లారీ డ్రైవరైతే చెయ్యి కడుక్కుని వచ్చేలోపు పళ్లెం బల్ల మీద ఉండేది. పక్క టౌనుదాకా పోయేవాడు కాసేపు ఆగాలి. మా ఊరివాడే అయితే ఇక వాడి ఖర్మ. "నువ్వెక్కడికి పోవాలి నాయనా, ఇంటికేగా" అని నవ్వుతూనే వాణ్ణి వెనక్కి నెట్టేది. అలా నెట్టించుకుని నెట్టించుకుని మా ఊళ్లోవాళ్లు మా హోటల్‌కు రావడం ఎప్పుడో మానేశారు. అమ్మ దానికి పెద్దగా బాధపడలేదు. రోడ్డు మీద లారీలు తిరుగుతున్నంతకాలం మనకు లోటేమిటి అనేది.

వంట నాన్నది. ఆయన వంటింట్లోంచి బయటకు రావడమే తక్కువ, నోరు విప్పడం ఇంకా తక్కువ. గోడలో చిన్న కిటికీ ఒకటి ఉండేది. అమ్మ ఇటు నుంచి కేకేస్తే అటు నుంచి పళ్లెం వచ్చేది. వాళ్లిద్దరి కాపురం సగం ఆ కిటికీలోంచే నడిచింది.

నాయనమ్మ గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. రోడ్డుకు సరిగ్గా అవతల, ఆవిడ ప్రాణస్నేహితురాలు, కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. ఒకప్పుడు ఇద్దరూ పొద్దున ఇటు, సాయంత్రం అటు కూర్చునేవాళ్లట. లారీలు పెరిగాక ఒకసారి ఆ గాలి విసురుకే నాయనమ్మ తూలిపడబోయింది. అప్పటి నుంచి ఇద్దరూ రోడ్డు దాటడం మానేసి, చేతులతో సైగలు చేసుకోవడం మొదలుపెట్టారు. చెయ్యి నోటి దగ్గర పెడితే తిన్నావా అని. నడుం మీద పెడితే నొప్పి తగ్గిందా అని. అంతకంటే పెద్ద కబురైతే మధ్యలో లారీ అడ్డొచ్చి సగంలో ఆగిపోయేది.

ఇక నేను. పరీక్షలు రాసేసి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ, బల్లలు తుడుస్తూ, వచ్చినవాళ్లనల్లా ఏదో ఒకటి అడుగుతూ ఉండేదాన్ని. దీనికి అన్నం లేకపోయినా ఫరవాలేదు, ఎందుకు అని అడక్కపోతే మాత్రం రోజు గడవదు అనేది నాయనమ్మ.

ఆ ఎండాకాలం మొదట్లో జిల్లా ప్లానింగ్ ఆఫీసు జీపు ఒకటి వచ్చి మా హోటల్ ముందు ఆగింది. దిగినావిడ చేతిలో చాప చుట్టినంత పెద్ద మ్యాపు. బల్ల మీద దాన్ని పరచి, నాలుగు మూలలా మా నీళ్ల గ్లాసులు పెట్టి, భోజనం సంగతే మర్చిపోయింది. నేను వెళ్లి వెనక నిలబడ్డాను. మా ఊరు మినపగింజంత చుక్క. మా రోడ్డు దారప్పోగు. ఇంత గొడవా, ఇంత దుమ్మూ, ఇన్ని హారన్లూ ఆ పోగులో ఎలా పట్టాయో నాకు అర్థం కాలేదు. ఆవిణ్ణి అదే అడిగాను. ఆవిడ తలెత్తి నన్ను తేరిపార చూసి, "నువ్వేం చేస్తుంటావు?" అంది.

సాయంత్రానికల్లా ఊరంతా ఆవిడకు మ్యాప్ మేడమ్ అని పేరు పెట్టేసింది. రాత్రికల్లా ఆవిడ ఎందుకొచ్చిందో కూడా తెలిసిపోయింది. జిల్లాలో కొత్తగా నాలుగు వరసల రోడ్డు వేస్తారు. అది మా ఊరి మీదుగానైనా రావచ్చు, గుట్ట అవతలి ఊరి మీదుగానైనా పోవచ్చు. రోడ్డు ఎక్కడుంటే కోల్డ్ స్టోరేజీ అక్కడ, మార్కెట్ యార్డు అక్కడ, పెట్రోలు బంకులు అక్కడ. ఎటన్నది సర్వే చేసి తేలుస్తారు. అమ్మ గుండెల్లో రాయి పడింది. గుట్ట అవతలికి రోడ్డు పోతే లారీలు అటే పోతాయి, లారీలు పోతే హోటల్ పోతుంది. ఆవిడకు ఇంకో పని రాదు, నాన్నకు ఇంకో పని వద్దు.

సర్వేకు మనుషులు కావాలంటే మేడమ్ నన్ను పెట్టుకుంది. పని చాలా తేలిక. రోడ్డు పక్కన గొడుగు కింద నిలబడాలి. కానిస్టేబుల్ బండి ఆపుతాడు. నేను అడగాలి. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏం పని మీద. మా అమ్మ గల్లా దగ్గర అడిగే ప్రశ్నే, కాకపోతే చివర ఎందుకు అని ఒకటి ఎక్కువ. నాకోసమే చేసిన ఉద్యోగంలా అనిపించింది.

"చెప్పింది చెప్పినట్టు రాయి. దిద్దకు, నవ్వకు," అంది మేడమ్.

దిద్దకుండా ఉండటం వచ్చింది కానీ నవ్వకుండా ఉండటం రాలేదు. ఒక డ్రైవరుకు తన లారీలో ఏముందో తనకే తెలియదు. తాళం ఓనరు దగ్గరుందట. మోటారుసైకిలు మీద వచ్చిన మొగుడూపెళ్లాల్లో ఆయన ఒక ఊరి పేరు చెప్తే ఆవిడ ఇంకో ఊరి పేరు చెప్పింది. ఇద్దరూ నా గొడుగు కిందే తగువు పడి, చివరికి వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయారు. లారీలో అద్దాల పలకలు వేసుకుని నత్తలా పోతున్న ఒకాయన, వారం నుంచి తనను ఎవరూ ఏమీ అడగలేదని పది నిమిషాలు కబుర్లు చెప్పాడు. ఇన్నేళ్లూ మా గుమ్మం ముందు నుంచి పోయినవన్నీ లారీలనుకున్నాను. ప్రతిదాంట్లో ఒక మనిషున్నాడు, ఆ మనిషికి ఒక కథుంది. ఇంటికి రాగానే అవన్నీ చెప్పకపోతే నాకు అన్నం దిగేది కాదు.

అలా చెప్పడంవల్లే అమ్మకు సర్వేలో ఏం అడుగుతున్నారో తెలిసింది. మర్నాడు మధ్యాహ్నం షట్టరు సగం దించి, పంక్చర్ షాపు బాబాయిని, పాలాయన్ని, ఆటోవాళ్లను, స్కూలు మాస్టారిని పిలిపించింది. మా హోటల్‌కు రావడం ఎప్పుడో మానేసినవాళ్లంతా ఆ రోజు మా బల్లల దగ్గర కూర్చున్నారు. అమ్మ చెప్పిందాన్లో వంకర ఏమీ లేదు. ఎన్ని బండ్లు తిరిగితే రోడ్డుకు అంత విలువ. అందుకని ఉన్న బండ్లన్నీ బయటకు తీయండి, అటూ ఇటూ తిప్పండి. రెండోది ఇంకా ముఖ్యం.

"ఎక్కడికంటే మాత్రం దూరం చెప్పండి. ఉల్లిపాయలకు పోయేవాడి కోసం ఎవడైనా నాలుగు వరసల రోడ్డు వేస్తాడా? దూరం పోయేవాడికే ఎక్కడైనా ముందు," అంది.

ఎవరూ కాదనలేదు. ఒకప్పుడు మా హోటల్లో అందరికంటే వెనక తిన్నవాళ్లకు ఆ మాట కొత్తేం కాదు.

మర్నాటి నుంచి నా తల ప్రాణం తోకకొచ్చింది. పాలాయన ఖాళీ క్యాన్లతో ఓడరేవుకు పోతున్నానన్నాడు. మాస్టారు స్కూటరుకు ఆకుకూరల సంచి తగిలించుకుని రాజధానికి, ఉన్నతాధికారులతో సమావేశానికి అన్నారు. పంక్చర్ బాబాయి పొద్దున టోపీ, మధ్యాహ్నం కళ్లజోడు, సాయంత్రం మఫ్లరు పెట్టుకుని వచ్చి, మూడుసార్లూ మూడు దిక్కులకు పోతున్నానని చెప్పాడు. అంత ఎండలో మఫ్లరేమిటి బాబాయ్ అంటే, పోయేది చలి ప్రదేశానికమ్మా అన్నాడు. కానిస్టేబుల్ మొహం అటు తిప్పుకుని నవ్వుకున్నాడు.

నేను ఊరుకోలేక మేడమ్‌తో చెప్పాను, వీళ్లలో కొందరు చెప్పేది నమ్మేలా లేదని. ఆవిడ అప్పుడు ఫోనులో ఉంది. చేత్తో మైకు మూసి, "నువ్వు రాయి, ఏరడం ఆఫీసు పని," అని మళ్లీ ఫోనులో పడింది. అమ్మతో, ఇదంతా అబద్ధం కదా అన్నాను. "పోవాలని లేదనుకున్నావా వాళ్లకు? వీలుపడక ఊళ్లోనే ఉన్నారు," అంది అమ్మ. పాలాయన ఓడరేవు పేరు చెప్తున్నప్పుడు ఆయన మొహంలో వెలుగు నేనూ చూశాను.

లెక్క పెంచడానికి ఆడవాళ్లను కూడా ఆటోల్లో ఎక్కించారు. నాయనమ్మను ఎక్కించింది అమ్మే. ఏం చెప్పాలో రెండుసార్లు అప్పజెప్పించుకుంది కూడా. ఆటో ఊరి చివరిదాకా పోయి, తిరిగి నా గొడుగు దగ్గర ఆగింది. నేను ఎవరో తెలియనట్టే కూర్చుంది నాయనమ్మ.

"ఎక్కడి నుంచమ్మా?" అన్నాను.

"అదిగో, ఆ ఇంటి నుంచి."

"ఎక్కడికి?"

"ఇదిగో, ఈ ఇంటికి," అని రోడ్డుకు అవతలున్న కుట్టుమిషనావిడ గుమ్మం చూపించింది.

"ఏం పని మీద?"

"మాట్లాడాలి. చాలా ఉంది."

చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆటో దిగి నాయనమ్మ ఆవిడ ఇంట్లోకి పోయింది. మళ్లీ చీకటి పడ్డాకే ఆటోలో తిరిగి వచ్చింది. అమ్మ ఎంత సణిగినా, మర్నాడు తనే ముందు తయారై ఆటో కోసం కూర్చుంది. ఆ సర్వే జరిగినన్నాళ్లూ మా ఊళ్లో అనుకున్నచోటికి చేరింది నాయనమ్మ ఒక్కతే.

ఎండలు ముదిరాక స్కూలు హాల్లో మీటింగు పెట్టారు. మ్యాప్ మేడమ్ బోర్డుకు కొత్త మ్యాపు తగిలించింది. పెద్ద రోడ్డు గుట్ట అవతలికి పోవడం లేదు, మీ వైపే వస్తోంది అని చెప్పగానే పంక్చర్ బాబాయి లేచి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. నేను మాత్రం మ్యాపు చూస్తున్నాను. ఆ వేసవంతా మ్యాపులు చూసి చూసి నాకు కాస్త కన్ను కుదిరింది. కొత్త రోడ్డని గీసిన ఎర్రగీత మా ఊరిదాకా వచ్చి, ఊరు ఇంకా మొదలుకాకముందే పక్కకు ఒరిగి, పొలాల వెనక నుంచి చుట్టు తిరిగి, ఊరు దాటాక మళ్లీ పాత రోడ్డులో కలిసింది. మా మినపగింజను ఎక్కడా తాకలేదు.

మేడమ్ ఎంతో ఓపిగ్గా చెప్పింది. సర్వేలో తేలింది ఒక్కటే. ఈ రోడ్డు మీద తిరిగేవాళ్లంతా దూరం పోయేవాళ్లే. ఇక్కడ ఆగేవాళ్లు, ఇక్కడ పని ఉన్నవాళ్లు దాదాపు లేరు. మరి అంత దూరం పోయేవాళ్లను ఊరి మధ్యలోంచి ఎందుకు తిప్పాలి? అందుకని బైపాస్. ఊరికి దుమ్ము తగ్గుతుంది, వాళ్లకు టైము కలిసొస్తుంది.

"ఒకే ఒక్కరి కాగితాలు పక్కన పెట్టుకున్నాను. ఎదురింటికి మాట్లాడటానికి పోతున్నానని రోజూ రాయించిన పెద్దావిడవి. అవి తప్ప అన్నీ దూరాలే," అంది.

హాలంతా నవ్వింది. నాయనమ్మ కొంగు సర్దుకుంది. తర్వాత ఒక్కొక్కరికే సంగతి బోధపడి, నవ్వు వెనక వరసల నుంచి ఆగిపోతూ వచ్చింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. అమ్మ నా చెయ్యి వదిలేసింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం లేచి నిలబడింది.

"అవి నిజం కాదు మేడమ్. దూరం చెప్పమని నేనే చెప్పాను. వీళ్లెవరూ ఎక్కడికీ పోరు," అంది.

మేడమ్ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, దూరమే ఎందుకు చెప్పమన్నారు అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది, ఆ గొంతు నాకు తెలుసు. అమ్మ మా వడ్డన వరస చెప్పింది. మేడమ్ అంతా విని, మ్యాపు వైపు చూసింది.

"మీ హోటల్లో దూరం పోయేవాళ్లకు ముందు. మా ఆఫీసులో, ఊరి మధ్య రోడ్డు వెయ్యాలంటే ఆ ఊళ్లో ఆగేవాళ్లు ఉండాలమ్మా," అంది.

ఇప్పుడు మొత్తం సర్వే మళ్లీ చెయ్యడానికి వీలుపడదంది. కాకపోతే ఒక పని చెయ్యొచ్చు. రెండు వారాలు లారీలను కాలవగట్టు దారిన మళ్లిస్తారు. ఆ రెండు వారాలూ నేను మళ్లీ ఇక్కడే నిలబడి, నడిచేవాళ్లనూ సైకిళ్లవాళ్లనూ అందరినీ అదే ప్రశ్న అడుగుతాను. లారీలు లేకపోయినా ఊరు ఊరిలాగే తిరుగుతుంటే బైపాస్ ఖాయం. ఊరు చచ్చుబడిపోతే అది లారీల మీదే బతుకుతోందని లెక్క, అప్పుడు పాత రోడ్డునే వెడల్పు చేసే సంగతి మళ్లీ ఆలోచిస్తారు. ఈసారి మాత్రం నిజం చెప్పండి అని చేతులు జోడించింది.

ఇంటికి వచ్చేదారిలోనే అమ్మకు కొత్త లెక్క తట్టింది. ఈసారి అబద్ధం అక్కర్లేదు. రెండు వారాలు అందరూ ఇళ్లల్లో కూర్చుంటే చాలు. రోడ్డు బోసిపోయి కనిపిస్తే లారీలు వెనక్కొస్తాయి. ఇంటింటికీ వెళ్లి చెప్పింది. సరే సరే అన్నారు కానీ మొదటిసారి ఉన్న హుషారు ఎవరిలోనూ లేదు. పంక్చర్ బాబాయి, చూద్దాం వదినా అని మాత్రం అన్నాడు.

చివరికి బైపాసే వచ్చింది, అది ఇప్పుడు మ్యాపులో అందరూ చూస్తున్నదే. నేను చెప్పాలనుకున్నది ఆ రెండు వారాల సంగతి.

లారీలు ఆగిన పొద్దున మాకెవరికీ ఏం తోచలేదు. చెవులకు ఏదో అయిందనుకున్నాను. తర్వాత ఒక్కొక్క చప్పుడే బయటపడింది. వంటింట్లో నాన్న గరిటె రోడ్డుదాకా వినిపించింది. ఆయన వంట చేస్తూ సన్నగా పాడుకుంటారని నాకు ఆ రోజే తెలిసింది. నాయనమ్మ కుర్చీలో ముందుకు వంగి, "ఆ టకటక మిషన్‌దేనా?" అని అడిగింది. అవును, రోడ్డుకు అవతల కుట్టుమిషన్ తిరుగుతోంది.

ఒకటి రెండు రోజులు జనం అమ్మ మాట విని ఇళ్లల్లోనే ఉన్నారు. ఆ తర్వాత పిల్లలు రోడ్డు మధ్యలో సైకిళ్లు నేర్చుకోవడం మొదలుపెట్టారు. వాళ్లను కేకలెయ్యడానికి తల్లులు వచ్చారు, వచ్చి అక్కడే నిలబడిపోయారు. నేను అందరినీ అడిగి రాసుకున్నాను. ఎక్కడి నుంచి అంటే ఇంటి నుంచి, ఎక్కడికి అంటే ఇక్కడికే. ఎందుకు అంటే చాలామంది ఊరికే అన్నారు.

హోటల్ మాత్రం ఖాళీ. అమ్మ చెప్పినా నాన్న వంట తగ్గించలేదు. గిన్నెలు నిండుగా ఉండేవి, బల్లలు శుభ్రంగా ఉండేవి, అమ్మ గల్లా దగ్గర రోడ్డు వైపు చూస్తూ కూర్చునేది. ఊరు తిరగకూడదని ఆవిడ మొక్కుకుంటోంది, నేను ఎదురుగా నిలబడి తిరిగినవాళ్లందరినీ రాసుకుంటున్నాను. ఆవిడ వైపు చూడాలంటే నాకు కష్టంగా ఉండేది. అయినా రేపు ఎవరు బయటకొస్తారో చూడాలన్న ఆత్రం మాత్రం తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం ఓడరేవు లారీ డ్రైవరు ఒకాయన, మాకు ఎన్నో ఏళ్లుగా తెలిసినాయన, కాలవగట్టు మీద బండి ఆపుకుని పొలాలకడ్డంగా నడిచి భోజనానికి వచ్చాడు. అమ్మ మొహం చూడాలి అప్పుడు. సొంత తమ్ముడొచ్చినట్టు లేచి నిలబడింది. ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాడు.

అదే సమయంలో అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. ఆవిడ గుమ్మం దిగి రోడ్డు అంచున నిలబడింది. ఒక్క బండీ లేకపోయినా చాలాసేపు అటూ ఇటూ చూసింది. నాయనమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆవిడ ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, మధ్యలో ఒకసారి ఆగి, రోడ్డు ఎంత వెడల్పో కొత్తగా చూస్తున్నట్టు చూసి, ఇటువైపుకు వచ్చేసింది. అడగడం నా పని కాబట్టి అడిగాను, ఎక్కడికి అని.

"మీ హోటల్‌కే. ఇన్నేళ్లూ మీ నాన్న వంట వాసనతో సరిపెట్టుకున్నాను. ఇవాళ తింటాను," అంది.

రాశాను. నాయనమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఇద్దరూ ఎప్పుడూ డ్రైవర్లు కూర్చునే ముందు బల్ల దగ్గరే కూర్చున్నారు. వెనక నుంచి డ్రైవరు తడి చేతులు దులుపుకుంటూ వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చుని, సాయంత్రానికల్లా ఓడరేవులో ఉండాలి అక్కా అన్నాడు. కిటికీలో నాన్న ఒక పళ్లెం సిద్ధంగా పట్టుకుని, ఎవరికి అన్నట్టు చూస్తున్నారు.

అమ్మ ఆ ఇద్దరు ముసలమ్మల వైపు చూసింది. అలవాటుగా నోట్లోంచి ప్రశ్న వచ్చేసింది.

"ఎక్కడిదాకా పెద్దమ్మా?"

"ఇంకెక్కడికే తల్లీ," అంది కుట్టుమిషనావిడ, బల్ల మీద రెండు చేతులూ పెట్టి. "ఇక్కడిదాకే."

అమ్మ డ్రైవరును చూసింది. గుమ్మంలో సర్వే కాగితాల అట్ట పట్టుకుని నిలబడిన నన్ను చూసింది. నా వెనక రోడ్డు మీద పిల్లలు సైకిళ్ల బెల్లులు కొడుతున్నారు. అమ్మ కిటికీ వైపు తిరిగింది.

"ఏవండీ, ముందు ఈవిడకు పెట్టండి."